ఒకటో తారీకు నుంచి ఐదో తారీకు దాకా

తెనాలిలో నా అసలు పేరు తెలిసినవాళ్లు తక్కువ. కొత్తపేట వాళ్లకి నేను ‘ఆర్డీ అమ్మ’ని. ఐతానగరంలో ‘పోస్టాఫీసు అక్కయ్య’ని. చెంచుపేటలో ఒక పెద్దాయనైతే నేను గేటు తీసిన చప్పుడు వినగానే లోపలికి కేకేసేవాడు, "ఏమేవ్, శిస్తుకొచ్చారు!" అని. 1983లో సంచీ భుజాన వేసుకున్నాను, 2018లో దించాను. ఆ 35 ఏళ్లూ ప్రతి నెలా ఒకటో తారీకు నుంచి ఐదో తారీకు దాకా నా కాళ్లు నావి కావు.

ఆ ఐదు రోజులే ఎందుకంటే, ఆరో తారీకుకి డబ్బుండదు. జీతాలొచ్చే ఇళ్లలో నెల మొదటి వారం తిరనాళ్లే. ఒకటో తారీకు సాయంత్రం కవరు ఇంటికొస్తుంది. రెండో తారీకు పొద్దున్నే పాలాయన, ఆ వెనకే కిరాణా కొట్టు గుమాస్తా. మధ్యాహ్నం రెండు దాటాక, మగవాళ్లు ఇంట్లో ఉండని వేళ చూసుకుని, వాయిదాల మీద చీరలిచ్చే ఆయన అరుగు మీద మూట విప్పుతాడు. మూడింటికి స్టీలు సామాన్ల గంప దిగుతుంది. పాత చీరలేస్తే గిన్నె, పైన ఇంకో ఇరవై రూపాయలు కలిపితే మూత. వీళ్లెవరూ చెడ్డవాళ్లు కారు, నేనూ వాళ్ల దగ్గర కొన్నదాన్నే. కాకపోతే పాలాయన తరవాత, చీరలాయనకి ముందు, ఆ సందులో నేను గడప ఎక్కాలి. ఒక్క పూట ఆలస్యమైందా, "ఈ నెలకి వదిలెయ్ అక్కయ్యా, వచ్చే నెల రెండూ కలిపి ఇచ్చేస్తా" అంటారు. అలా నిజంగా రెండూ కలిపి ఇచ్చినవాళ్లని ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

మా పనికి సర్కారు పెట్టిన పేరు నోరు తిరగదు. మహిళా ప్రధాన్ క్షేత్రీయ బచత్ యోజన. 1972 ఏప్రిల్ 1న మొదలైంది. పేరుకి తగ్గట్టు ఆడవాళ్లకే లైసెన్సు. ఇల్లిల్లూ తిరిగి పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్, అంటే ఆర్డీ, వాయిదాలు వసూలు చెయ్యాలి, కార్డు మీద సంతకం పెట్టాలి, పోస్టాఫీసులో కట్టాలి. నూటికి నాలుగు రూపాయలు కమిషను. ఆడవాళ్లకే ఎందుకిచ్చారో కాగితాల్లో పెద్ద మాటలు రాశారు గానీ, పనిలో దిగాక నాకు తెలిసిన కారణం ఒకటే. మగ ఏజెంటుని వీధి గుమ్మంలోనే ఆపేస్తారు. నేను నేరుగా వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని. డబ్బు ఉండేది అక్కడే.

ఆర్డీ అనేది 1970లో వచ్చింది. ఐదేళ్లు, 60 వాయిదాలు, అప్పట్లో పది రూపాయల నుంచి ఎంతైనా. దానికి ముందు 1959 నుంచి క్యుములేటివ్ టైం డిపాజిట్ (సి.టి.డి.) అని ఒకటుండేది, ఐదు, పది, పదిహేనేళ్ల గడువులతో. మా అమ్మానాన్నలకి అది తెలుసు. ఇంకా వెనక్కి వెళితే, 1873లో ప్రభుత్వ పొదుపు బ్యాంకుల చట్టం, దాని కింద 1882 ఏప్రిల్ 1 నుంచి దేశంలోని తపాలా కార్యాలయాల్లో పొదుపు ఖాతాలు. దీనికి నమూనా ఇంగ్లండుది. అక్కడ 1861లో గ్లాడ్‌స్టన్ ఆర్థిక మంత్రిగా ఉండగా పోస్టాఫీసు బ్యాంకు పెట్టించాడు. బ్యాంకు మెట్లెక్కడానికి జంకే కూలివాడు, ఉత్తరం వేయడానికి పోస్టాఫీసుకి ఎటూ వస్తాడు కదా, ఆ చేత్తోనే నాలుగు డబ్బులు వేసి పోతాడన్నది ఆలోచన.

మా నాన్న బడిపంతులు. ఆయనకి ఈ చరిత్ర మీద ఒక సిద్ధాంతం ఉండేది. "సర్కారుకి మన పొదుపు మీద ప్రేమ పుట్టిందంటే, దానికి డబ్బు తక్కువైందని అర్థమే" అనేవాడు. ఆయన చెప్పిన సాక్ష్యాలు గట్టివే. 1917లో, మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతుండగా, ఐదేళ్ల పోస్టల్ క్యాష్ సర్టిఫికెట్లు దించారు. 1963లో, చైనా యుద్ధం అయిన మరుసటి ఏడు, మొరార్జీ దేశాయి నిర్బంధ డిపాజిట్ పథకం పెట్టాడు. 1974లో ధరలు మండిపోతుంటే, ఉద్యోగులకి పెరిగిన డీఏలో సగం చేతికి ఇవ్వకుండా డిపాజిట్‌గా పట్టేశారు. జనం చేతిలో డబ్బు పడితే ఖర్చు పెడతారు, ఖర్చు పెడితే ధరలు పెరుగుతాయి, కాబట్టి చేతిలో పడనివ్వకూడదని. ఆ ఏడు మా ఇంట్లో తిట్టని రోజు లేదు. నేను డిగ్రీకొచ్చిన ఏడు, కాలేజీ ఫీజుకి మా అమ్మ గాజు తాకట్టు పెట్టింది. కొన్నేళ్ల తరవాత ఆ పట్టుకున్న డబ్బు వడ్డీతో సహా ఏడాదికో వాయిదా చొప్పున తిరిగొచ్చింది. దాంతో పెరట్లో స్నానాల గది, మరుగుదొడ్డి కట్టించారు. మా నాన్న సర్వీసు మొత్తంలో ఎవరూ చెయ్యి పెట్టకుండా నిలిచిన డబ్బు అదొక్కటే. ఆ సంగతి ఆయన చచ్చినా ఒప్పుకోలేదు.

నాకు మొదట పొదుపు నేర్పింది మట్టి డిబ్బీ. వినాయక చవితికి కుమ్మరి వీధిలో పావలాకి కొనేవాళ్లం. పైన చిన్న చీలిక, వేసింది బయటికి రావాలంటే పగలగొట్టాలి. అని పెద్దవాళ్లు అనుకునేవాళ్లు. తలలో పెట్టుకునే పిన్ను వంచి, డిబ్బీని బోర్లించి, చీలికలోంచి ఐదు పైసల బిళ్లని కొక్కెం వేసి లాగడం మా ఇంట్లో అందరు పిల్లలకీ వచ్చు. జామకాయల బండి వీధిలోకి రాగానే డిబ్బీ బోర్లపడేది. తరవాత బళ్లో ‘సంచయిక’ వచ్చింది. పిల్లల పొదుపు బ్యాంకు. పది పైసలు తీసుకెళితే మాస్టారు చిన్న పుస్తకంలో రాసేవారు. కావాలంటే అడిగి తీసుకోవచ్చు, కానీ అడగాలి! "ఎందుకే?" అని మాస్టారు కళ్లజోడు పైనించి చూస్తారు. "జామకాయకండీ" అని ఏ పిల్ల చెప్పగలదు? నా పాతికేళ్లప్పుడు లైసెన్సు చేతికొచ్చాక, నేను చేస్తున్నది ఆ కళ్లజోడు ఉద్యోగమేనని ఎన్నోసార్లు అనుకున్నాను.

పని ఎలా ఉండేదో చెబుతాను. ఒక గుడ్డసంచీ. అందులో కార్డుల కట్టలు, రబ్బరుబ్యాండ్లతో, పది రూపాయలవి ఒకటి, ఇరవైవి ఒకటి, యాభైవి, వందవి. నీలం సిరా కలం రెండు, ఒకటి ఎండలో కక్కుతుంది కాబట్టి. చిల్లర మూట. ఇంటికెళితే ముందు మంచినీళ్లు, తరవాత ఆరోగ్యాలు, తరవాతే కార్డు. నా దగ్గర కట్టే వాళ్లలో బియ్యం మిల్లు గుమాస్తాల ఇళ్లు ఎక్కువ. బైండింగు పనివాళ్లు, దర్జీలు, మారీసుపేటలో ఇద్దరు నర్సులు, హోటల్లో పెసరట్లు పోసే ఆయన. ఈయన కార్డు భార్య పేర, పుస్తకం నా సంచీలో. పాసుపుస్తకం ఖాతాదారు దగ్గరే ఉండాలని రూలు. కానీ "నీ దగ్గరుంటేనే బతుకుతుంది తల్లీ, మా ఆయన కంట పడితే సగం తీసేస్తాడు" అని పది పన్నెండుమంది నాకిచ్చి ఉంచారు. ఇప్పుడు చెప్పొచ్చు, ఉంచుకున్నాను.

పోస్టాఫీసులో మా కౌంటరు చివరిది. ఇంటి దగ్గర రాత్రి కూర్చుని లిస్టు రాసుకోవాలి. ఖాతా నంబరు, పేరు, వాయిదా, మొత్తం. ఒక లిస్టు పదివేలు దాటకూడదు. పొద్దున పదింటికి వరసలో నిలబడితే, గుమాస్తా ఒక్కో పుస్తకం విప్పి, ఎంట్రీ వేసి, గుండ్రటి ముద్ర కొట్టేవాడు. లిస్టులో అణా తేడా వస్తే మొత్తం తిప్పి కొట్టేవాడు. ఒకసారి ఏడో తారీకున నా లిస్టులో ఇరవై రూపాయలు ఎక్కువొచ్చాయి. తక్కువొస్తే చేతి డబ్బు వేసుకుంటాం, ఎక్కువొస్తే ఎవరివో తెలియాలి కదా. నాలుగు వీధులు తిరిగితే చివరికి తేలింది. ఐతానగరంలో ఒకావిడ రెండు పదులనుకుని రెండు ఇరవైలు ఇచ్చింది. తిరిగిస్తే ఆవిడ తీసుకోలేదు. "వచ్చే నెలకి వేసెయ్, చేతికొస్తే చేపలు కొంటా" అంది. ఆ రోజుల్లో ఆర్నెల్లు ముందే కడితే కొంత రాయితీ ఉండేది. ఆవిడకి ఆ సంగతి అప్పుడే చెప్పాను. అప్పటినుంచి ఏడాదికి రెండే సార్లు కట్టేది, వరి కోతలప్పుడొకసారి, మినుములప్పుడొకసారి.

1987 నాకు గడ్డుకాలం. జనవరిలో ఆదివారం పొద్దున రామాయణం సీరియల్ మొదలైంది. మొదట్లో పక్కింటివాళ్ల కిటికీల దగ్గర నిలబడి చూశారు. మార్చికల్లా "వాళ్లింటికి ఎన్నాళ్లు వెళతాం అక్కయ్యా" అన్నారు. ఏడాది నిండిన ఆర్డీలో సగం దాకా తీసుకోవచ్చు, వడ్డీతో తిరిగి కట్టుకోవాలి. వైద్యానికో, ఫీజుకో అని పెట్టిన వీలు అది. ఆ వేసవిలో నేను నింపిన ఫారాల్లో కారణం అన్న చోట ‘గృహావసరాలు’ అని రాసుకుంటూ పోయాను. రాముడు వనవాసానికి వెళ్లేలోపు బోసు రోడ్డు కొట్లలో బ్లాక్ అండ్ వైట్ సెట్లు వాయిదాల మీద మా వీధులన్నిటికీ చేరాయి. కొన్నందుకు ఏడవను. ఒక టీవీకి ఆరు ఇళ్ల పిల్లలు కూర్చున్నారు. నా బాధల్లా, ఆర్డీ అప్పు వాయిదా, టీవీ వాయిదా రెండూ కట్టలేక నాలుగు నెలలు వరసగా మానేసి ఖాతా ఆగిపోయిన వాళ్ల గురించి.

ఆ కాలంలోనే ఇందిరా వికాస పత్రాలు వచ్చాయి. 1986లో. వంద పెట్టి కొంటే ఐదేళ్లకి రెండువందలు. వాటి మీద పేరుండేది కాదు. నోటు లాంటిదే, ఎవరి చేతిలో ఉంటే వాళ్లది. పోతే మళ్లీ ఇచ్చేవాళ్లు కాదు. నల్లడబ్బున్న వాళ్లు దాన్ని ఎంత ప్రేమించారో మీరే ఊహించుకోవచ్చు. పెద్ద ఇళ్లలో ఇలాంటి పత్రాలు కొనేటప్పుడు "నాకొచ్చేదాంట్లో నీకెంత, నీకొచ్చేదాంట్లో నాకెంత" అని మా కమిషను మీద బేరం కూడా ఉండేది. అది తప్పు, అయినా జరిగింది. కానీ నాకు గుర్తున్నది గంగానమ్మపేటలో ఒక పెద్దావిడ. మూడు పత్రాలు కొని పాత పట్టుచీర మడతలో దాచింది. ఆరేళ్లకి కోడలొచ్చింది. ఒకనాటి మధ్యాహ్నం స్టీలు గంప దిగింది. ఆ చీర జరీకి మంచి బేసిను వచ్చింది. నేను తరవాత నెల వెళ్లేసరికి ఆ బేసినులో పప్పు కడుగుతూ పెద్దావిడ నాతో మెల్లిగా చెప్పింది. కోడలికి ఇప్పటిదాకా చెప్పలేదట. "చెబితే పప్పు సరిగ్గా ఉడకదు" అంది.

తొంభైల్లో నా కార్డులు కొన్ని ఫైనాన్సు కంపెనీలకి పోయాయి. ‘పోస్టాఫీసు ఇచ్చేదెంత, మేమిచ్చేదెంత’ అని బోర్డులు. ఏసీ గది, సోఫా, వెళితే కూల్ డ్రింకు. నేను చెప్పి చూశాను, నా కమిషను కోసం చెబుతున్నాననుకున్నారు. కొంత నిజమే మరి. ఆ బోర్డులు ఒకదాని తరవాత ఒకటి దిగిపోయాక, మిల్లు గుమాస్తా ఒకాయన మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఏమీ మాట్లాడలేదు. కాఫీ తాగి, "రేపు ఒక ఐదువందల కార్డు రాయండి" అని వెళ్లిపోయాడు. అప్పటికి ఆయనకి 52.

ఆయన లెక్క చెబితే మీకు మా వ్యాపారం అర్థమవుతుంది. మిల్లులో పింఛను లేదు. 1952 నాటి ప్రావిడెంట్ ఫండ్ చట్టం పెద్ద ఫ్యాక్టరీలతో మొదలైంది, ఇరవైమంది లేని చోటికి అది రాదు. ఆయన మిల్లులో పద్దు మీద పదహారుమందే. కాబట్టి అరవై దాటాక అన్నం ఎక్కడినుంచన్నది ఆయన బాధ్యతే. ఐదువందలు ఐదేళ్లు కట్టాడు. 2003 నుంచి ఏడున్నర శాతం వడ్డీ ఉన్న రోజుల్లో పది రూపాయల ఆర్డీకి గడువు తీరాక వచ్చేది 728 రూపాయల 90 పైసలు. ఏజెంట్లందరికీ ఆ అంకె లలితా సహస్రంలా కంఠతా. దాన్ని యాభైతో హెచ్చవేసి చెబితే ఖాతాదారు కళ్లు పెద్దవయ్యేవి. అలా చేతికొచ్చినదాన్ని ముట్టనివ్వకుండా మంత్లీ ఇన్‌కమ్ స్కీములోకి తోసేదాన్ని. అది 1987లో వచ్చిన పథకం. లక్ష వేస్తే అప్పటి ఎనిమిది శాతం లెక్కన నెలకి 666. ఆ 666లో 660తో మళ్లీ ఒక ఆర్డీ. వడ్డీ మీద వడ్డీ పాకే ఈ కిటుకు ప్రతి ఏజెంటుకీ తెలుసు, నేనేం కనిపెట్టలేదు. ఇంట్లో వాళ్లావిడ కుట్టుమిషను డబ్బుతో ఇంకో కార్డు నడిపింది. ఆయన మిల్లు మానేసేనాటికి నెలకో చిన్న జీతం పోస్టాఫీసు నుంచి వచ్చేది. అది తెచ్చుకోవడానికి ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లేవాడు, మిల్లుకి వెళ్లినట్టే.

ఆయన మనసు మారిందని నేననుకోను. సోఫాలో కూల్ డ్రింకు తాగిన మనిషే కదా. ఐదేళ్లపాటు ఆ డబ్బు ఆయనకి దూరంగా ఉంది. తీయాలంటే నన్నడగాలి, ఫారం రాయాలి, వరసలో నిలబడాలి, గుమాస్తా "ఇప్పుడెందుకండీ?" అంటాడు. ఈ నాలుగు మెట్లూ దిగేలోపు ఆ కోరిక చల్లారేది. పోస్టాఫీసు ఆలస్యాన్ని ఊరంతా తిట్టింది. నా ఉద్యోగం నడిచింది మాత్రం దాని మీదే.

కోరిక అంటే చీరా, టీవీయే కాదు. దానికన్నా ఖరీదైనది సాయంత్రం కూలి డబ్బుల్ని దారిలోనే తాగేసే సారా. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మీదికి వెళ్లారు. రాత్రిబడుల్లో అక్షరాలు నేర్చుకుంటున్నవాళ్లు. జిల్లా అంటుకుంది, రాష్ట్రం అంటుకుంది, 1993 అక్టోబరు 1 నుంచి సారా బంద్ అయింది. సారా ఆగాక మిగిలిన రూపాయిని ఏం చెయ్యాలన్న ప్రశ్నకి జవాబుగా పొదుపు సంఘాలు లేచాయి. రోజుకో రూపాయి. ఇక్కడ ఏజెంటు లేదు, పదిహేనుమంది ఒకరినొకరు చూసుకుంటారు. మా ఐతానగరం కార్డులు సగం అటు వెళ్లిపోయాయి, నాకు కోపం రాలేదంటే అబద్ధం. 2009లో సంఘాల ఆడవాళ్లకి అభయహస్తం పెట్టారు. సభ్యురాలు రోజుకో రూపాయి, సర్కారు ఇంకో రూపాయి, అరవై నిండాక నెలకి కనీసం 500 పింఛను. మా ఇంట్లో అంట్లు తోమే మంగమ్మత్త, ఈ పేరు నేను పెట్టినదే, అసలు పేరు చెబితే ఊరుకోదు, అభయహస్తానికి ఏడాదికి కట్టాల్సిన 365 నా దగ్గరే దాచుకునేది. "సంఘంలో ముందే కట్టేస్తే పోలా?" అంటే, "ముందే కట్టాలంటే ముందే ఉండాలి కదమ్మా" అనేది.

ఇంక నా సంగతి. ఊరందరికీ ముసలితనపు అన్నం మూట కట్టిన నాకు పింఛను లేదు. మేం ఉద్యోగులం కాదు, ఏజెంట్లం. వంద కార్డులు, సగటున యాభై రూపాయలు, నెలకి ఐదువేలు, కమిషను 200. అందులోంచి యాభై నా పేరు మీదే ఒక కార్డు. దాని మీద నా సంతకం నేనే పెట్టేదాన్ని, అదో తమాషా. 1996లో విజయవాడ ఎగ్జిబిషన్‌కి వెళ్లాను. ఒక స్టాల్లో కుర్రాడు వెట్ గ్రైండరులో పిండి తిప్పి చూపిస్తున్నాడు. వేలితో ముట్టుకోమన్నాడు. వెన్నలా ఉంది. ‘ఈ రోజే తగ్గింపు’ అన్నాడు. మర్నాడు పొద్దున్నే కౌంటరు దగ్గర నా ఆర్డీలో సగం తీస్తూ కారణం దగ్గర ‘గృహావసరాలు’ అని రాశాను. గుమాస్తా తలెత్తి చూసి, "మీరు కూడానా అమ్మగారూ!" అన్నాడు. గ్రైండరు ఎత్తాలంటే ఇద్దరు కావాలి, కడగాలంటే మూడు బిందెలు. ఆర్నెల్లకి మళ్లీ రుబ్బురోలు దగ్గర కూర్చున్నాను. గ్రైండరు ఇప్పటికీ మెట్ల కింద ఉంది, దానిలో ఉల్లిపాయలు పోస్తున్నాం.

2011లో శ్యామలా గోపీనాథ్ కమిటీ వచ్చి పత్రాల మీద ఏజెంట్ల కమిషను కోసింది. మా ఆర్డీ నాలుగు మాత్రం మిగిల్చారు. తరవాత కంప్యూటర్లొచ్చాయి, లిస్టు ఇంట్లో కూర్చుని పంపొచ్చు. నాకు రాలేదు. కొడుకు చేసిపెట్టేవాడు, విసుక్కునేవాడు. చీరలాయన రావడం మానేశాడు, స్టీలు గంప మానేసింది. ఇప్పుడు వాటికి వీధిలోకి రావాల్సిన పని లేదు. ఫోను దిండు కింద ఉంటుంది, రాత్రి పదకొండుకి అరుగు మీద మూట విప్పుతుంది. ఆ వేళ నేను ఎవరి గడపా ఎక్కలేను. 2018లో లైసెన్సు తిరిగిచ్చేశాను.

నా మంత్లీ వడ్డీ సేవింగ్స్ ఖాతాలో పడుతుంది. తీసుకోవడానికి ప్రతి నెలా ఒకటో తారీకున వెళతాను, కాలు అటే లాగుతుంది. పోయిన నెల చివరి కౌంటరు దగ్గర కొత్త ఏజెంటు కనబడింది. ముప్ఫై ఉంటాయేమో, సంచీ లేదు, ఫోనులో లిస్టు. నేనెవరో తెలియదు. "అమ్మగారూ, ఆర్డీ ఏమైనా వేయిస్తారా? ఐదేళ్లే" అంది. నాకు 68. ఐదేళ్లంటే 73. ఐదువందలకి రాయించాను. నాలుగు శాతం లెక్కన ఆ పిల్లకి నెలకి ఇరవై రూపాయలు. "ఒకటో తారీకునే రా, ఐదుకి నా దగ్గర ఉండదు" అని చెప్పి వచ్చాను.